చేతులకు కట్టిన కొబ్బరాకు

సెల్ఫీనా బాల్చీని ఊరిపెద్ద రాజా యోపి మనిషి ఒకడు కాలితో తన్నాడు. గుల్లలన్నీ ఇసుకలో దొర్లాయి. పెద్దవి ఏరి సంచిలో వేసుకుని, మిగిలినవాటిని బూటుతో తొక్కాడు.

"కళ్ళు దొబ్బాయా? సాసీ కట్టి ఉంది, కనబళ్ళా?"

ఒడ్డున పాతిన గుంజకు లేత కొబ్బరాకులు వేలాడుతున్నాయి. వైరోలాలో ఆ ఆకులు కట్టారంటే, మళ్ళీ విప్పేదాకా ఆ నీళ్ళలో ఎవరూ చెయ్యి పెట్టరు. పెట్టినవాడు కడుపు ఉబ్బి చస్తాడని తాతల నాటి నుంచీ భయం. గుల్లలు, చేపలు పెరగాలని ఊరంతా కూర్చుని పెట్టుకున్న కట్టుబాటు ఆ సాసీ. ఈసారి మాత్రం రాజా ఊరిని అడగకుండానే కట్టించాడు.

సెల్ఫీనా మొగుణ్ణి సముద్రం తీసుకుపోయింది. ఇద్దరు పిల్లలు, ఆ బాల్చీ, అంతే ఆమె ఆస్తి. చుట్టూ ఆడవాళ్ళు నిలబడి చూశారు. పట్టుకోబోతే పీతయినా కొండి ఎత్తుతుంది. వీళ్ళు తలలు దించుకున్నారు. యాకొమీనా అయితే తన బుట్టను వీపు వెనక దాచుకుంది. దాచుకున్నందుకు ఆ వారమంతా తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ వారంలోనే గనుల కంపెనీ బార్జి, ఇంటంత ఇనుప పడవ, వచ్చింది. కొండ మీది ఎర్రమట్టిలో ఏదో లోహం ఉందట. మట్టి ఎత్తుకుపోవడానికి రేవు కావాలట. బార్జి సరాసరి సాసీ నీళ్ళలోకే వచ్చి లంగరు వేసింది. పగడపు దిబ్బలోకి ఇనుప స్తంభాలు దిగగొట్టింది. అడుగున దిబ్బ విరుగుతుంటే ఆ చప్పుడు ఇళ్ళలో పడుకున్న పిల్లలకు కూడా వినబడింది. బార్జి మీద గొడుగు కింద రాజా యోపి కాఫీ తాగుతున్నాడు. ఎవడి కడుపూ ఉబ్బలేదు. రాజా కడుపు ముందునుంచీ ఉబ్బే ఉంది కనుక దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఊరి చావడిలో సభ పెట్టారు. జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. చొక్కా నలగకుండా నిలబడటం తప్ప ఇంకేమీ నేర్చుకోలేదనిపించే మనిషి.

"వైరోలాకి భవిష్యత్తు వచ్చింది!" అన్నాడు.

ఎక్కడ దిగిందా అని ముసలివాళ్ళు రేవు వైపు తిరిగి చూశారు.

"మీ పిల్లలు అంబోన్ పట్నం వెళ్ళి మోటారు సైకిళ్ళ మీద ఎవరెవరినో మోస్తున్నారు. ఇక వెనక్కి పిలవండి. ఇక్కడే ఉద్యోగాలు. యూనిఫాం కూడా ఇస్తాం!"

యాకొమీనా కొడుకు చేసేది ఆ పనే. ఆమె లేచింది.

"ఏం ఉద్యోగం సార్?"

"కాపలా ఉద్యోగం, అమ్మా. రేవు దగ్గరికి ఎవరూ రాకుండా చూడాలి."

"ఎవరొస్తారు అక్కడికి?"

అధికారి రాజా వైపు చూశాడు. రాజా చావడి కప్పు వైపు చూశాడు.

"మేమే కదా వచ్చేది! అంటే నా కొడుక్కి యూనిఫాం తొడిగి నన్ను తరిమిస్తారా? అదా మీరు తెచ్చిన భవిష్యత్తు?"

కొందరు నవ్వారు. రాజా బల్ల చరిచాడు. "నోరు ఎక్కువైంది నీకు యాకొమీనా. కూర్చో."

"కూర్చుంటా గానీ, సాసీ మాకేనా? బార్జికి లేదా?"

"వాళ్ళు బయటివాళ్ళు. వాళ్ళకి వర్తించదు."

"బయటివాడికి లేని కట్టు ఇంట్లోవాళ్ళకా! సిగ్గుండాలి రాజా, అలా అనడానికి."

సభ అయిపోయిందన్నారు. ఎవరూ కదల్లేదు. సెల్ఫీనా గొంతు చించుకుంది. "ఇంకా ఏం చూస్తారు? కత్తి ఇవ్వండి. ఆ గుంజ నేను నరికేస్తా. దిబ్బ పోయాక ఏం తింటాం, వాళ్ళ ఎర్రమట్టి తింటామా?"

"నరికితే ఊరు మాడిపోద్దే!" అని ముసలివాళ్ళు గోల పెట్టారు. "నీతోపాటు మా పిల్లల్నీ చంపుతావా?"

"పగడాలు చస్తే పిల్లలు బతుకుతారా? భయంలో పుట్టి భయంలోనే పోతార్రా మీరు!"

యాకొమీనాకు రెండు వైపుల మాటలూ తగిలాయి. ఆమెకూ ఆ ఆకంటే భయమే. రాజాకు? చిన్నప్పుడు సాసీ కట్టిన తోటలో జాజికాయ ఒకటి కోసి, మూడు రోజులు జ్వరంతో వణికింది ఈ యోపియే. ఆ సంగతి గుర్తుకు రాగానే ఆమె తిన్నగా ఒబెత్ ఇంటికి నడిచింది. ఊరంతా ఆమె వెనకే వెళ్ళింది.

ఒబెత్ సముద్ర కాపరుల పెద్ద. సాసీ కట్టే హక్కు ఆయన చేతులకే ఉంది. గుమ్మంలో కంపెనీ ఇచ్చిన కొత్త పడవ ఇంజిను మెరుస్తోంది.

"ఇంజిను బాగుందా పెద్దాయనా?" అంది యాకొమీనా.

ఆయన ఇంజినుకు అడ్డంగా జరిగాడు.

"దాన్ని ఎక్కడికి నడుపుతావ్? సముద్రం అమ్మేశావుగా."

"రాజా కట్టమన్నాడు, కట్టా," అన్నాడు ఒబెత్ గొణుగుతూ.

"ఇప్పుడు ఊరు కట్టమంటోంది. కట్టు."

"దేనికి?"

ఆమె రెండు చేతులూ చాపింది. "వీటికి. ఊట నుంచి కంపెనీకి నీళ్ళు మోసేది ఇవి. వాళ్ళ అన్నం వండేది ఇవి. నీ ఆకుకి అంత బలముంటే నా చేతులకి కట్టు. విప్పేదాకా ఇవి వాళ్ళ పని ముట్టవు."

ముసలాయన ఇంజిను మీద తుపుక్కున ఉమ్మి, లేత మట్టలు కోయడానికి వెళ్ళాడు.

మర్నాటికి ఊళ్ళో ఆకు లేని చెయ్యి లేదు. కంపెనీ ట్యాంకులో నీళ్ళు లేవు, పొయ్యిలో మంట లేదు, పడవల్లో సరుకు అలాగే ఉండిపోయింది. కొండల్ని తవ్విపారేసే ఇంజినీర్లు కుండెడు అన్నం ఉడికించుకోలేక బిస్కట్లు నమిలారు. రాజా పొద్దున్నే కాఫీ అడిగితే, ఆయన పెళ్ళాం మణికట్టు ఎత్తి చూపించింది.

కంపెనీ పంపిన పెద్ద పడవలో పోలీసులు దిగారు. యాకొమీనాకు బేడీలు వేశారు. వాళ్ళతో వచ్చిన జిల్లా అధికారి ఆమె మణికట్టు మీది ఆకు వైపు చూసి నవ్వాడు.

"దీనికా ఊరంతా పని మానేసింది? మామూలు ఆకిది. రాజా గారూ, మీరే తెంపి చూపించండి. వీళ్ళ భయం పోతుంది."

రాజా చేతిలో కత్తి పెట్టారు.

"తెంపు రాజా," అంది యాకొమీనా బేడీల చేతులు చాపి. "జాజికాయ గుర్తుందా? ఊళ్ళో అందర్నీ సాక్ష్యం పెట్టి తెంపు. ఇది వట్టి ఆకైతే, గుంజకి నువ్వు కట్టించిందీ వట్టి ఆకే."

"కానివ్వండి!" అధికారి అరిచాడు.

రాజా కళ్ళు మూసుకుని తెంపాడు. ఆకు ఇసుకలో పడింది.

సెల్ఫీనా బాల్చీ ఎత్తుకుంది. గుంజను దాటి మోకాలి లోతు నీళ్ళలోకి నడిచింది. ఒబెత్ వచ్చి ఆ గుంజను రెండు చేతులా ఊపి పీకి అవతల పారేశాడు. ఊరు ఊరంతా సముద్రంలోకి దిగింది. ముసలివాళ్ళు ప్రార్థనలు గొణుక్కుంటూనే దిగారు. స్తంభాల చుట్టూ, పోలీసుల పడవ చుట్టూ నడుం లోతు నీళ్ళలో నిలబడ్డారు.

యాకొమీనాను పడవలోకి తోశారు.

"ఇంజిను స్టార్ట్ చెయ్యరా!" అన్నాడు పోలీసు.

పడవ నడిపేవాడు వైరోలా వాడే. చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఒడ్డు చేరగానే కట్టించుకున్న ఆకు మణికట్టున ఇంకా పచ్చగా ఉంది.

"నాది తెంపలేదు సార్," అన్నాడు.

"నాదీ తెంపలేదు," అంది సెల్ఫీనా నీళ్ళలోంచి చెయ్యి ఎత్తి.

"మాదీ తెంపలేదు రాజా! రా, దిగి తెంపు!"

నీళ్ళ మీద ఎటు చూసినా ఆకులు కట్టిన చేతులే లేచాయి. ఒడ్డున రాజా తన చేతిలోని కత్తిని చూసుకున్నాడు. ఒక్క అడుగు కూడా నీళ్ళలో పెట్టలేదు.