మా నాన్న ఓటేశాడు

దువెర్నే చెరకు తోటల తెల్ల దొరలారా, ఈ చట్టం మీరే రాసుకున్నారు. చదువైనా ఉండాలి, ఆస్తయినా ఉండాలి, అప్పుడే ఓటన్నారు. మీలోనూ చదువురాని వాళ్లున్నారని గుర్తొచ్చి వాళ్ల కోసం దొడ్డిదారి పెట్టారు: 1867 జనవరి ఒకటి నాటికి తండ్రికో తాతకో ఓటుంటే, కొడుకునీ మనవడినీ ఏమీ అడగరట. ఆ నాటికి మా నల్లవాళ్ల తండ్రుల బానిస సంకెళ్లు తెగి రెండేళ్లు కాలేదు. అది తెలిసే ఆ తేదీ వేశారు. ముప్పై ఏళ్లుగా మేం వేస్తున్న ఓటు అలా లాక్కున్నారు.

ఒక్క సంగతి మరిచారు. మాలో కొందరి తండ్రులెవరో.

ఆగస్టులో, మా వాళ్ల శవాలను సాగనంపే సంఘం హాల్లో మీటింగు పెట్టాం. సెప్టెంబరు ఒకటికి ఆ దొడ్డిదారీ మూసేస్తారు. కంచరగాడిదల బండి తోలే అల్సిద్ లేచాడు.

"ఓటర్ల పుస్తకం తండ్రిని అడుగుతోంది. మా నాన్న బతికినన్నాళ్లూ ఓటేశాడు. ఆయనే పెద్ద దువెర్నే దొర."

అందరికీ తెలుసు. ఎవరూ ఏనాడూ పైకనలేదు.

మిల్లులో చక్కెర పాకం కాచే ఉర్సెన్ బెంచీ మీద గుద్దాడు. "సిగ్గుందిరా నీకు? చచ్చిపోయిన తల్లి పరువు తీసుకెళ్లి కచేరీ బల్ల మీద పరుస్తావా?"

"పరువు పోయింది దానిది కాదురా," అంది జెలీమత్త. డెబ్బై ఎనిమిదేళ్ల మంత్రసాని. హాల్లో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. "వద్దనే హక్కు దానికెక్కడుంది? సిగ్గుపడాల్సినవాడు చచ్చేదాకా చర్చిలో ముందు బెంచీలో కూర్చున్నాడు."

అప్పుడు చెరకు కొట్టే ప్లసీద్ గొంతు విప్పాడు. "బాగుంది. దొరల బిడ్డలంతా ఓటర్లవుతారు. మా అయ్య నల్లోడు, తాత నల్లోడు. నేను బయట నిలబడి మీ టోపీలు పట్టుకోనా?"

రెండు గంటలు కొట్టుకున్నాం. రంగు తేలినవాళ్లు ముందు లోపలికి పోయి తర్వాత మనల్ని లాగుతారని ఒకడన్నాడు. ఇంతకుముందు పోయినవాళ్లు ఎవర్ని లాగారని నేనడిగాను. చివరికి అల్సిదే తేల్చాడు. "అందరం పోదాం. ప్లసీద్ మామ పేరు ఎక్కందే నా పేరు ఎక్కనివ్వను."

మర్నాడు మగవాళ్లం నలభై ముగ్గురం, జెలీమత్తను వెంటబెట్టుకుని కచేరీకి వెళ్లాం. పుస్తకం ముందు కూర్చున్నది వాల్సెన్ దువెర్నే, పెద్ద దొర కొడుకు.

"మా నాన్న ఓటేశాడు," అన్నాడు అల్సిద్.

"ఎవడ్రా మీ నాన్న?"

"మీ నాన్నే."

గుమాస్తా కలం ఆగిపోయింది. వాల్సెన్ మొహం కందగడ్డయింది. "కాగితముందా?"

జెలీమత్త కర్ర ఆనించుకుంటూ ముందుకొచ్చింది. "కాగితమెందుకు బాబూ, నేనున్నాగా. మీ ఇద్దర్నీ లాగింది ఈ చేతులే. వీడు నీకంటే నాలుగు నెలలు పెద్ద. నువ్వు ఎదురుకాళ్లతో పుట్టావు, మీ అమ్మ రెండు రోజులు అల్లాడింది. ఎడం భుజం మీద మచ్చ ఇద్దరికీ ఒకటే. చొక్కాలు విప్పండి, చూద్దాం."

"చొక్కాలెందుకత్తా, ముక్కులు చాలవూ?" అన్నారెవరో వెనక నుంచి. వరండా దాకా నవ్వు పాకింది.

వాల్సెన్ బల్ల మీదికి వంగాడు. గొంతు తగ్గించాడు. "అల్సిద్, నీ ఒక్కడి పేరు రాస్తాను. ముసల్దాన్ని తీసుకుని పో. వీళ్లను పంపించెయ్."

నలభై ఏళ్లలో అల్సిద్‌తో ఆ ఇంటివాళ్లు అంత మెత్తగా మాట్లాడటం అదే మొదలు. అల్సిద్ వెనక్కి తిరిగి ప్లసీద్‌ను చూశాడు.

"ముందు ఆయన పేరు రాయండి దొరా. నాది ఆఖర్న."

వాల్సెన్ పుస్తకం మూశాడు. షెరీఫును పిలిచాడు. పెద్దింటి మీద అపనింద వేసిందని జెలీమత్త చేతులు వెనక్కి విరిచి తాడు కట్టారు.

"మెల్లగా కట్టు నాయనా," అందామె షెరీఫుతో. "వచ్చే వారం నీ పెళ్లానికి నొప్పులొస్తాయి. ఈ చేతులే కావాలి."

మూడు వారాలుగా ఆమె జైల్లో ఉంది. నలభై ముగ్గురిలో ఒక్క పేరూ ఎక్కలేదు. మనవాళ్లారా, తండ్రి దొరైనా నల్లోడైనా మనకు మూసింది ఒక్క తలుపే. దొరల చట్టంతోనే దొరల్ని ఓడిద్దామనుకున్నాం. చట్టం కూడా వాళ్ల ఇంటి మనిషేనని చూశాం.

ఇక మన చేతిలో ఉన్నదాని సంగతి చూద్దాం. చెరకు నిలబడి ఉంది. అక్టోబరులో కొట్టకపోతే, మంచు పడి తీపి పోతే, అది దొరలకు ఉత్త గడ్డి. పదకొండేళ్ల కిందట కూలి పెంచమంటే మనవాళ్లను కాల్చి చంపారు. తెలుసు. ఆ గోతులు తవ్వినవాళ్లలో నేనొకణ్ని. అప్పుడు తోట తోటగా విడివిడిగా లొంగిపోయాం. ఈసారి అన్ని తోటలూ ఒక్కరోజే ఆగాలి.

కొట్టేవాళ్లూ, తోలేవాళ్లూ, పాకం కాచేవాళ్లూ, కట్టలు మోసే అక్కలూ, ఆదివారం హాలుకు రండి. చెరకు కత్తులు తెచ్చి గోడకు ఆనించండి. జెలీమత్త బయటికొచ్చేదాకా, ఎవడి కొడుకువని అడక్కుండా నలభై ముగ్గురినీ రాసేదాకా, ఒక్క కత్తీ లేవకూడదు. ఆ పుస్తకంలో మొదటి పేరు ప్లసీద్‌ది కావాలి.