తొక్కించిన పేరు

నేను ఒక శిలాఫలకాన్ని. పుట్టుకకు మామూలు నల్లరాయినే, ఉలి దెబ్బలు తిని అక్షరాలు నేర్చాను. 1909లో, తూర్పు తీరాన ఒక రేవు పట్నంలో కొత్తగా లేచిన కాలేజీ గోడకు నన్ను బిగించారు. నా మీద అన్నిటికన్నా లోతుగా చెక్కిన వరుస ఇది: "అయ్యగారి విశ్వపతి, ఎం.ఏ., ప్రిన్సిపాలు."

విశ్వపతిగారు ఎండల్లో ఊరూరా తిరిగి ఆ కాలేజీ నిలబెట్టారు. మంచివారే, నాలుక మాత్రం నా మీద ఆడిన ఉలికంటే పదును. తన శిష్యుడు చర్ల సుందరేశాన్ని పిలిచి లెక్కల ఉపన్యాసకుడి ఉద్యోగం ఇచ్చారు. ఒకరోజు బోర్డు మీద అతని లెక్క తప్పింది. "నీకు నేర్పింది నేనేనని ఎవరికీ చెప్పకు" అన్నారు, క్లాసు వింటుండగానే. పిల్లలంతా నవ్వారు. సుందరేశం నవ్వలేదు, మరిచిపోనూ లేదు.

1914లో కాలేజీ కమిటీ అధ్యక్షుడి మేనల్లుణ్ణి పరీక్షకు పంపనన్నారు విశ్వపతిగారు. సుందరేశం ఎదురుచూస్తున్న సందు దొరికింది. ప్రిన్సిపాలు ప్రశ్నపత్రాలు ముందే బయటపెడుతున్నారని కమిటీకి అర్జీ పెట్టాడు. పచ్చి అబద్ధం. విశ్వపతిగారిని పిలిపించి, కుర్చీ చూపించకుండా, నిలబెట్టి అడిగారు.

"దీనికి నేను జవాబు చెప్పను" అని ఆయన కండువా సర్దుకుని, ఉద్యోగం వదిలి మద్రాసు వెళ్లిపోయారు.

ఆయన స్థానంలో ప్రిన్సిపాలైన మర్నాడే సుందరేశం నన్ను గోడనుంచి ఊడబెరికించాడు.

"పేరు చెక్కి తీసీమంటారా బాబూ?" అన్నాడు మేస్త్రీ.

"చెక్కేస్తే ఒక్కపూటలో పోతుంది. నా గది గుమ్మంలో పరుచు. తొక్కనీ."

రాయికి పగేమిటంటారా? తొమ్మిదేళ్లు చెప్పుల కింద పడుకుని చూడండి. వానాకాలంలో నేను కాగలిగినంత నునుపయ్యాను. సుందరేశం రెండుసార్లు జారాడు గాని పడలేదు.

1923లో యూనివర్సిటీవారు కాలేజీ తనిఖీకి ఒక పెద్దమనిషిని పంపారు. విశ్వపతిగారినే. సుందరేశం హడావిడిగా నా మీద కొబ్బరిపీచు పట్టా పరిపించాడు. వచ్చినాయన చేతికర్రతో దాన్ని పక్కకు తోసి, తన పేరు తాను చదువుకున్నారు.

"మేస్త్రీ పొరపాటండీ, గురువుగారూ..."

"తీయించకు" అన్నారు ఆయన. బూటుకాలు సరిగ్గా తన పేరు మీదే వేసి లోపలికి నడిచారు. ఆ బరువుకు నేను పొంగిపోయాను.

సాయంత్రానికి రిపోర్టు తయారైంది. లైబ్రరీ చాలదు, ప్రయోగశాల చాలదు, బి.ఎ. తరగతులు రద్దు చేయాలి. కొరతలు నిజమే. ఏడాది గడువిస్తే తీరేవే. ఆ గడువు కోసం సుందరేశం గుమ్మంలో ఆయన కాళ్ల మీద పడ్డాడు. ఆయన కాళ్లు వెనక్కి లాక్కున్నారు.

వరండా మెట్ల దగ్గర పాత బంట్రోతు కూర్మయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చూశావా కూర్మయ్యా? పగ తీర్చుకున్నాను" అన్నారు విశ్వపతిగారు.

"తీరినాది బాబూ. మరి మా కుర్రోడు సూరిగాడు... మీరు బళ్లో ఏసినోడే, ఇప్పుడిక్కడే బియ్యే రెండో ఏడు సదూతన్నాడు."

విశ్వపతిగారు ఆగిపోయారు. "మద్రాసు పంపించు."

"నానెక్కడ పంపగలను బాబూ?"

రిపోర్టు ఇంకా ఆయన చంకలోనే ఉంది. రెండు వాక్యాలు మారిస్తే సరిపోయేది. వెనక్కి తిరిగి చూశారు. గుమ్మంలో సుందరేశం ఆశగా నిలబడి ఉన్నాడు. ఆ ముఖం చూసి ఆయన దవడ బిగిసింది. వెళ్లి జట్కా ఎక్కారు.

బి.ఎ. తరగతులు పోయాయి. సూరి రంగూను ఓడకు టిక్కెట్టు కొనుక్కున్నాడు, అక్కడ బియ్యపు మిల్లులో పని చేయడానికి. ఓడ బయలుదేరడానికి ఇంకో నాలుగు రోజులుందనగా కూర్మయ్య పేర మద్రాసునుంచి ఉత్తరం వచ్చింది. చదువు రానివాడు కదా, కొడుకు ఇంటికొచ్చేదాకా ఆగలేక, సుందరేశం చేతికే ఇచ్చాడు.

సుందరేశానికి గొణుక్కుంటూ చదివే అలవాటు. నా మీదే నిలబడి చదివాడు. నేను విన్నాను. "కోపంలో నీకు అన్యాయం చేశాను. అబ్బాయిని వెంటనే పంపు. మా ఇంట్లో ఉంచుకుని నేనే చదివిస్తాను."

ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకున్నాడు.

"ఏటండి బాబూ, ఏటి రాసినారు?"

"ఏముందీ? క్షేమంగా ఉన్నారట. నిన్ను అడిగారు."

కూర్మయ్య కళ్లు తుడుచుకున్నాడు. "ఎంత పెద్దమనిసండీ" అన్నాడు.

ఆ కాలేజీ తర్వాత హైస్కూలైంది, హైస్కూలు గోదామైంది. నేనిప్పుడు మున్సిపాలిటీవారి పాతసామాను దొడ్డిలో, విరిగిన కొళాయి గొట్టాల మధ్య ఉన్నాను. కూర్మయ్య బతికున్నన్నాళ్లూ, రంగూను ఓడ వచ్చినప్పుడల్లా, కొడుకు దిగుతాడేమోనని రేవుకు వెళ్లి వచ్చేవాడు. వచ్చి వరండాలో కూర్చుని, విశ్వపతిగారు తనను మరిచిపోకుండా ఉత్తరం రాశారని కొత్తగా చేరిన గుమాస్తాలకు చెప్పి మురిసిపోయేవాడు.