బావ కళ్ళు తెరిచిన ఫ్రేము

పెళ్ళికొడుకు పిన్ని ఆవలింత పూర్తయ్యేదాకా ఓపిక పట్టి, అతను మళ్ళీ మీట నొక్కాడు. ఒక ఫ్రేము. ఇంకొకటి. సెకనుకి ఇరవై అయిదు. స్టూడియో వెనకగదిలో కూర్చుని, వీడియోల్లోంచి మనుషుల్ని ఒక్కొక్కరినీ ఆపి, ఫొటోలుగా అచ్చువేయడం ముప్ఫై ఏళ్ళుగా అతని పని. వీధి వీధంతా అతన్ని ‘పాజ్ బాబాయి’ అంటారు. ఎవరి మొహం ఎక్కడ ఆపాలో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇంట్లో భార్య మాటల్ని ఎక్కడ ఆపాలో మాత్రం ఇంతవరకూ పట్టుబడలేదు.

ఇవాళ్టి పని బావది, అంటే అక్క మొగుడిది. ఆ మహానుభావుడు ఏ ఫొటోలోనూ కళ్ళు తెరిచిన పాపాన పోలేదు. ఫ్లాష్ కంటే ముందు ఆయన రెప్ప పడేది. పెళ్ళి ఫొటోలో నిద్రపోయాడనీ, గుర్తింపు కార్డులో ఏకంగా పోయాడనీ మేనకోడలు ఏడిపించేది. ఇప్పుడాయన ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. డాక్టరు వారాల మాట మానేసి రోజుల మాట మొదలుపెట్టాడు. నిన్న చూడబోతే బావ చెయ్యి పట్టుకున్నాడు.

“ఒరేయ్, పోయాక ఎలాగూ మూసుకునే కళ్ళేగా. గోడమీది ఫొటోలోనైనా తెరిపించరా. పోయేలోగా నేనూ ఒకసారి చూసుకుంటాను.”

“చాల్లెండి, ఏం మాటలవి!” అని అక్క కసిరింది. కసిరి, వరండాలోకి వచ్చి ఏడ్చింది.

“రేపు సాయంత్రానికల్లా చూపిస్తానక్కా,” అన్నాడతను.

ఉన్నది పన్నెండేళ్ళ కిందటి మేనకోడలి పెళ్ళి వీడియో ఒక్కటే. తీసింది తనే. మూడు గంటల నిడివి. బావ నిలబడ్డచోటల్లా కళ్ళు మూసుకున్నాడు, కళ్ళు తెరిచినచోటల్లా పరిగెత్తుతున్నాడు. పరిగెత్తే మనిషిని గోడకి సరిపడా పెద్దది చేస్తే మొహమంతా దువ్వెనతో గీకినట్టు గీతలు తేలతాయి. మనిషి నిలకడగా ఉన్న ఫ్రేములు వరసగా అయిదు దొరికితే, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి మచ్చలు పోగొట్టవచ్చు. అంటే సెకనులో అయిదో వంతు. బావ కూతురి పెళ్ళి ఘనంగా చేశాడు గానీ, ఆ కాస్త పనీ చేయలేకపోయాడు.

మధ్యాహ్నం దాటింది. భార్య ఫోను చేసింది.

“తిన్నారా?”

“ఆఁ, తిన్నా.”

“ఏం కూర?”

అతను పొద్దున ఆవిడ కట్టిచ్చిన, ఇంకా మూత తీయని అన్నం డబ్బా వంక చూశాడు. “కూరే,” అన్నాడు. ఆవిడ ఠక్కున ఫోను పెట్టేసింది.

వీడియోలో రెండు గంటల పదకొండో నిమిషం దగ్గర అతని వేలు ఆగింది. భోజనాల బల్ల పక్కన బావ. కళ్ళు నిండా తెరిచి, సూటిగా కెమెరా వంకే చూస్తున్నాడు. నోరు సగం తెరిచి ఉంది. ఒకటి, రెండు, మూడు... ఏడు ఫ్రేములు! అతను కుర్చీలోంచి లేచి, ఎవరూ లేని గదిలో చప్పట్లు కొట్టాడు. ఆ నోరు ఏమంటోందో చూద్దామని శబ్దం పెంచాడు.

“ఒరేయ్, ఆ కెమెరా పక్కన పడేసి ముందు తినరా. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు నువ్వు.”

పెళ్ళికూతురి తండ్రి, అంత హడావుడిలోనూ ఇతని ఆకలి కనిపెట్టాడు. ఆ సంగతి అతనికి గుర్తే లేదు. గుర్తు లేనందుకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఫ్రేములు పేర్చి, మచ్చలు తుడిచి, అచ్చు తీశాడు. ఆగలేక, దాన్ని ఫోనుతో ఫొటో తీసి అక్కకి పంపాడు. అరగంటకి అక్క ఫోను చేసింది.

“చూపించాన్రా. ‘ఎవరే ఈ పెద్దమనిషి?’ అని ఒకటే నవ్వు. మీరేనండీ అన్నాను. ‘ఫరవాలేదే, బాగానే ఉన్నాను’ అన్నారు. తర్వాత కళ్ళు మూసుకున్నారు. ఆయనకి అలవాటేగా అనుకున్నాన్రా, తమ్ముడూ.”

“వస్తున్నానక్కా,” అన్నాడు.

ఫొటోని కవర్లో పెట్టబోయి ఆగిపోయాడు. బావ ఇంకా అతని వంకే చూస్తున్నాడు, నోరు సగం తెరిచి. ముద్ద దిగే వేళ కాదు. అయినా ఫొటోని ఎదురుగా నిలబెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ తిన్నాడు. చెయ్యి కడుక్కుని, ఫొటోని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. బల్లమీద డబ్బా ఉండిపోయింది, అడుగున ఒక్క మెతుకు కూడా లేకుండా.