రిపోర్టు వచ్చేలోగా

నేను ఒక ఎక్సర్‌సైజ్ సైకిల్ని. ఎంత తొక్కినా అంగుళం కదలను. నవ్వేవాళ్లు ముందే నవ్వేసుకోండి, నాకు అలవాటే. లూథియానాలో ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించారు. బిగించినవాడు పెడలు ఒకసారి తిప్పి చూసి, బాగుందన్నట్టు తలూపాడు. ఆ తర్వాత చాలాకాలం నన్ను మెచ్చుకున్న మనిషే లేడు.

కాకినాడలో నన్ను కొన్నది ప్రసన్నరావు, పోర్టు ఆఫీసులో గుమాస్తా. పొట్ట తగ్గించుకుందామని కొన్నాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే కొత్త బూట్లు వేసుకుని ఎక్కాడు. చెమట పట్టగానే దిగి, ఇంత కష్టపడ్డాను కదా అని మారు అన్నం పెట్టించుకున్నాడు. వారం తిరక్కుండా నా ఉద్యోగం మారింది. హ్యాండిల్ మీద తడి తువ్వాళ్లు, సీటు మీద ఇస్త్రీకి వెళ్లాల్సిన చొక్కాలు. మేడమీద వాటాలో ఉండే అతని అక్క కరుణమ్మ కిందికి దిగినప్పుడల్లా, ఇంత ఖరీదైన దండెం ఊళ్లో ఇంకెవరికీ లేదనేది.

ప్రసన్నరావు భార్య దయామణి హిందీ టీచరు. ఒకసారి వాళ్ల స్కూలు టీచర్లకి రొమ్ము క్యాన్సర్ పరీక్షలు పెట్టారు. ఒంట్లో ఏ బాధా లేకపోయినా, అందరితో కలిసి సరదాగానే వెళ్లి మామోగ్రామ్ తీయించుకుంది. తర్వాత ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. ఎడమవైపు మచ్చలాంటిదేదో కనిపిస్తోంది, మళ్లీ రమ్మన్నారు. వెళితే ఇంకో ఫొటో తీసి, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టుకి కొన్నాళ్లు పడుతుందన్నారు.

ఆ కొన్నాళ్లు ఎలా గడపాలో మాత్రం ఎవరికీ తెలియదు. దయామణి స్కూలుకి సెలవు పెట్టింది. కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చునేది. వదినకి మాత్రం చెప్పొద్దని భర్త దగ్గర మాట తీసుకుంది. అసలు రిపోర్టే తెచ్చుకోనంది. తెచ్చుకోకపోతే జబ్బు లేనట్టేనట. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దే మనిషి లెక్క ఇది!

సూది నొప్పి తగ్గాక రోజూ కాసేపు నడవమనో, సైకిల్ తొక్కమనో డాక్టరమ్మ చెప్పిందట. దానివల్ల రిపోర్టు మారదు గానీ, అది వచ్చేలోగా మనసు మరీ కుంగిపోకుండా ఉంటుందందట. వీధిలో నడిస్తే ఎదురైనవాళ్లంతా ఏంటమ్మా చిక్కిపోయావంటారు. అందుకని ఒక సాయంత్రం నా మీది బట్టలన్నీ తీసి మంచం మీద పడేసి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఎక్కింది.

తొక్కుతూ ఏడ్చింది. ఏడుస్తూనే తొక్కింది. ఇన్నాళ్లూ వాడక నా పెడలు కీచుమంటోంది. ప్రసన్నరావు కొబ్బరినూనె తెచ్చి రాసి, కీచు తగ్గిందే గానీ పోకపోయేసరికి, పక్కనే నేలమీద కూర్చున్నాడు. మర్నాడు ఆమె ఇంకాస్త ఎక్కువసేపు తొక్కింది. ఆ తర్వాత చర్చి పాట ఎత్తుకుంది, సగం చరణానికే ఆయాసం వచ్చింది. ఒక రోజు దిగగానే, కూరేముందని అడిగింది. ఆ మాటకి ప్రసన్నరావు వంటింట్లోకి పరిగెత్తడం చూశాను. నా మీద ఎప్పుడూ అంత వేగం చూపించలేదు. భయం పోయిందని నేననను. కానీ తొక్కుతున్నంతసేపూ అది ఆమె వెంట రాలేకపోయేది. నాకు వెనక సీటు లేదు కదా.

రిపోర్టు రోజున భర్త అడక్కముందే ఆమె చీర కట్టుకుని వచ్చింది. "నేనెళ్లకపోతే అందులో రాసింది మారిపోద్దా? పదండి," అంది.

ప్రమాదం లేని మచ్చే. వచ్చే ఏడు మళ్లీ చూపించుకోమన్నారు.

ఆ సాయంత్రం కరుణమ్మ దిగి వచ్చింది. ఇన్నాళ్లూ ఆ కీచుమనేదేంటని అడిగింది. దయామణి అంతా చెప్పింది. కరుణమ్మ వెటకారమాడలేదు. నా సీటు మీద కూలబడి, చాలాసేపు హ్యాండిల్ తడిమింది.

"నాకు కుడివైపు గడ్డ తగులుతుందే. ఎన్నాళ్లనించో. పైకి చెప్తే నిజమైపోద్దని చెప్పలేదు."

దయామణి కోప్పడలేదు. "రేపు పొద్దున్నే ఎళ్దాం వదినా. ఈ పూటకి తొక్కండి, నేనిక్కడే ఉంటాను," అంది.

కరుణమ్మది క్యాన్సరే. ముదరకముందే దొరికిందన్నారు. ఆపరేషను, మందులు, ఊడిన జుట్టు అన్నీ అయ్యాయి. డాక్టరమ్మ సరేనన్నాక నన్ను మేడమీదికి మోయించారు. కొన్ని రోజులు ఆవిడ నా దాకా వచ్చి, హ్యాండిల్ పట్టుకుని నిలబడి, తిరిగి మంచమెక్కేది. అలాంటప్పుడు దయామణి వచ్చి మంచం పక్కన కూర్చునేది. మెల్లగా రెండు కాళ్లూ పెడళ్ల మీదికి వచ్చాయి. ఇప్పుడు మందులు అయిపోయాయి, అప్పుడప్పుడూ వెళ్లి చూపించుకుంటే చాలట.

జుట్టు కన్నా ముందు నోరు తిరిగొచ్చింది. చర్చి ఆడవాళ్లు యాపిల్ పళ్లు పట్టుకుని, మొహాలు వేలాడేసుకుని పరామర్శకి వస్తారు. కరుణమ్మ ఒక్కొక్కరినీ నువ్వు పరీక్ష చేయించుకున్నావా అని అడుగుతుంది. నీళ్లు నమిలినవాళ్లని నా మీద ఎక్కిస్తుంది. జాలిపడదామని వచ్చిన మనిషి కాసేపట్లోనే చెమటోడుస్తూ, ఇక దిగుతానని బతిమాలుతుంది.

"దిగకు. ముందు ఆస్పత్రికి ఎప్పుడెళ్తావో చెప్పు," అంటుంది కరుణమ్మ.