ఒకటి తక్కువ

వెర్నా కాడిల్ పదకొండో తుపాకీకి చీటీ కట్టి ముడి బిగించింది. కోర్టు నేలమాళిగలో, ఇనుప కటకటాల వెనుక, ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఆ కెంటకీ కొండల్లో ఎవరి దగ్గర ఏది పట్టుబడినా దానికో పేరు, ఓ నంబరు, ఓ అర. అరవై రెండేళ్ల పొట్టి మనిషి. కీళ్లవాతానికి వేళ్లు అల్లంకొమ్ముల్లా వంకర తిరిగాయి. ఊళ్లో అందరికీ తుపాకులతో గురి. ఆవిడకు మాత్రం మనుషుల మీద గురి ఉండేది, పోయిన ఏడాది వరకూ.

పోయిన ఏడాది డేల్ స్టాంపర్ తన పిస్తోలును ట్రక్కు సీటు మీద వదిలేశాడు. అతని కొడుకు పేరు గన్నర్. కన్నారు, గన్నర్ అన్నారు, పెంచడం ఫోనుకు వదిలేశారు. పదహారేళ్ల ఆ కుర్రాడు, ఫోన్లో ఎవడో పిస్తోలును వేలి మీద గిరగిరా తిప్పడం చూసి తనూ తిప్పాడు. ఎదురుగా నిలబడి ఆ విన్యాసాన్ని వీడియో తీస్తున్నది వెర్నా మనవడు వెస్లీ. వేలు జారింది. గుండు గుండెలో దిగింది. కొడుక్కి శిక్షణ లేదు, తండ్రికి శిక్ష లేదు. ఆ గదికి ఇంకో గుమాస్తా లేడు గనక ఆ పిస్తోలుకు చీటీ కట్టింది కూడా వెర్నాయే.

ఇప్పుడు కేసు ముగిసింది. సొత్తు సొంతదారుకు చేరాలి. డేల్ మూడుసార్లు వచ్చాడు. ఆవిడ మూడుసార్లూ తిప్పి పంపింది. ఓసారి సీలు అలుక్కుపోయిందని, ఓసారి సంతకం గీత దాటిందని, ఓసారి గడియారం నాలుగు కొట్టిందని. గడియారం కొడితే తనే కొట్టినంత సంబరపడింది.

ఈరోజు మధ్యాహ్నం ఆవిడ చిక్కుడుగింజల పులుసులో మొక్కజొన్న రొట్టె ముంచుకుంటుండగా డేల్ నాలుగోసారి దిగాడు.

"ఏం వెర్నమ్మా, ఇవాళ ఏం వంక?" అంటూ చంకలోని పెట్టెను అవతల బల్ల మీద పెట్టి, కిటికీలోంచి కాగితాలు తోశాడు. "నా తుపాకీ నా హక్కు."

"హక్కుకేం నాయనా, ముక్కులాగా ఎవరి మొహానికి వాళ్లకుంటుంది. చీదేది ఎవరి మీదో చూసుకోవాలి."

కాగితాలు రెండుసార్లు తిరగేసింది. వంక దొరకలేదు. పిస్తోలూ తూటాలూ తెచ్చి బల్ల మీద పెట్టింది. డేల్ అలవాటు కొద్దీ, పేకముక్కలు ఎంచినట్టు, వేలితో జరుపుతూ లెక్కపెట్టాడు.

"పద్నాలుగేనా? నేనెప్పుడూ నిండా పెడతాను, పదిహేనుండాలి. ఒకటి తక్కువ."

అన్నాక, తనేమన్నాడో అతనికి వినిపించింది. చెవులు ఎర్రబడ్డాయి.

వెర్నా నిదానంగా రసీదు తిప్పింది. "తక్కువొస్తే ఎందుకొచ్చిందో సొంతదారే రాయాలి. ఇదిగో ఈ గడిలో. నీ చేత్తో."

నిబంధన నిజంగానే ఉంది. ఇన్నేళ్లలో ఆవిడ ఎవరినీ అడగలేదు.

'పేలింది' అని రాశాడు.

"పేలడానికి అవేమన్నా పేలాలా? ఎవరు పేల్చారు?"

'మా వాడు' అని చేర్చాడు.

"ఎవరి మీద?"

కలం ఆగింది. "ఇంకా కసి తీరలేదా నీకు? ఆ వీడియోలు తీసే ఫోను నీ మనవడికి కొనిచ్చిందెవరు?"

"నేనే. పుట్టినరోజుకి." గొంతు పెంచలేదు. రసీదు లాక్కుని అంచున రాసింది: ఫోను నేను కొనిచ్చాను, వెర్నా కాడిల్. తేదీ వేసి అతని వైపు నెట్టింది. "నాది రాశాను. ఇక నీది. పేరు తెలీదా? అక్షరాలు చెప్పనా? వె..."

"వద్దు."

"వె," అంది మళ్లీ. ఏ జడ్జీ వేయని శిక్ష. చల్లారుతున్న పులుసు కన్నా వెయ్యి రెట్లు రుచిగా ఉంది. "రాయవయ్యా. రెండక్షరాలే."

డేల్ మొదటి అక్షరం రాశాడు. రెండోది అతని చేతికి రాలేదు. కలం బల్ల మీద పెట్టి, కళ్లెత్తకుండానే మెట్లెక్కి వెళ్లిపోయాడు. పైన తలుపు మూసుకుంది.

వెర్నా పిస్తోలును మళ్లీ సంచిలో వేసింది, సంతకం లేదు గనక. తర్వాత కిటికీ మూయబోయి ఆగింది. అవతల బల్ల మీద డేల్ తెచ్చుకున్న పెట్టె తెరిచే ఉంది. కొత్తది. లోపల నల్లటి స్పాంజిలో పిస్తోలు ఆకారంలో కోసిన ఖాళీ, ఆ ఖాళీలో ఇంకా ప్లాస్టిక్ కవరు విప్పని తాళంకప్ప.