నల్లగుడ్డ తెర

కుళాయిలు బాగుచేసే తమ్ముడి మడమలో పాత పైపు ముక్క గుచ్చుకుంది. ఆ గాయం నుంచి విషం నెత్తురంతా పాకి, మనిషి ఒంటి మీద స్పృహ లేకుండా ఆసుపత్రి మంచమెక్కాడు. దర్జీ పని చేసే అక్క మెడలో టేపు తీయడం కూడా మరచిపోయి పరుగెత్తుకొచ్చింది. అమ్మానాన్నా పోయాక వాణ్ణి పెంచింది ఆమే. వాడు తప్ప ఆమెకు నా అన్నవాళ్లు లేరు.

పరిశోధన డాక్టరు ఆమెను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు. "క్రిములతో పోరాడాల్సిన ఒళ్లు తనకు తనే మంట పెట్టుకుంటోందమ్మా. ఆ ధాటికి లోపల కణాలు తుప్పు పడుతున్నాయి. మామూలు మందులు ఎలాగూ ఇస్తున్నాం. వాటితోపాటు మంట ఆర్పి, తుప్పు వదిలించే కొత్త మందొకటి పరీక్షిస్తున్నాం."

"తుప్పు పట్టడానికి మావాడు మనిషా, గేటా?" అంది అక్క. అయినా సంతకం పెట్టింది. పీకల మీదికొస్తే ఎవరైనా పెడతారు.

పరీక్షకు ఒక పద్ధతుంది. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికేది ఎక్కుతోందో రోగికీ, డాక్టరుకీ, నర్సుకీ తెలియకూడదు. తెలిస్తే మనసు ఒకవైపు మొగ్గుతుంది. న్యాయమైన మాటే. చిక్కల్లా మందు పసుపురంగులో ఉండటమే. డాక్టరు కళ్లు అక్క మెడలోని టేపు మీద పడ్డాయి.

"మందు సంచీకి నల్లగుడ్డతో తొడుగు కుట్టగలరా?"

కుట్టింది. ట్యూబుకూ కుట్టమన్నాడు. మూత్రం రంగు చూసి ఎవరైనా కనిపెట్టేస్తారని అది పట్టే సంచీకీ తొడుగు వేయించాడు. అంతటితో ఆయన బెంగ తీరలేదు. "రోగి ముఖం తేటపడితే? మందు పనిచేస్తోందని తెలిసిపోదూ?" అన్నాడు. దాంతో పరీక్షలో ఉన్నవాళ్ల వరసలోని మంచాలన్నింటికీ తెరలు కుట్టే పని ఆమె నెత్తిన పడింది. పని బాగా చేస్తే తమ్ముణ్ణి బాగా చూస్తారని ఆమె ఆశ. అందుకే వరండాలో మిషన్ పెట్టుకుని, అంచులు రెండేసి మడతలు వేసి, చిన్న సందు కూడా లేకుండా కుట్టింది. తన తమ్ముణ్ణి తనే మూటగడుతున్నానని ఆ పిచ్చితల్లికి తట్టలేదు.

ఇక వైద్యం జోరుగా సాగింది. నర్సు ముఖం పక్కకు తిప్పుకుని, తెరలోకి చెయ్యి దూర్చి మందు ఎక్కించేది. గుండె కొట్టుకోవడం చూపే యంత్రానికీ తొడుగు పడింది. డాక్టరు రోజూ తెర ముందు నిలబడి "ఎలా ఉన్నావయ్యా?" అని అడిగి, జవాబు వినపడకుండా చెవులు మూసుకునేవాడు. ఇంత పక్కాగా జరిగే పరీక్షను ఎక్కడా చూడలేదని పెద్ద డాక్టర్లు వచ్చి ఆయన భుజం తట్టి వెళ్లారు.

ఒక మధ్యాహ్నం తెర అంచు కుట్టు ఊడితే, వేయడానికి అక్క వంగింది. తమ్ముడి పాదం చేతికి తగిలింది. మంచుముక్కలా ఉంది. గుడ్డ ఎత్తి చూస్తే మోకాళ్ల మీద ఊదారంగు మచ్చలు, మడమ బుస్సున ఉబ్బి ఉంది.

"డాక్టరుగారూ! వీడి కాళ్లు చల్లబడిపోతున్నాయి!"

"అయ్యో, చెప్పకండమ్మా!" డాక్టరు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "ఇంత శ్రమా వృథా అయిపోతుంది!"

అక్కకు ఒళ్లు మండింది. కుట్టుసామాను సంచీలోంచి కత్తెర తీసి, తన చేత్తో కుట్టిన తెరను పైనుంచి కిందిదాకా పర్రున కోసేసింది.

ఎంతైనా ఆయన చదివింది వైద్యమే. కళ్ల ముందున్న మనిషిని చూసి కూడా చూడనట్టు ఉండటం చేతకాలేదు. ఒక్క గెంతులో మంచం దగ్గరికొచ్చి, నాడి పట్టుకుని నర్సును కేకేశాడు. రక్తపోటు నిలబెట్టే మందు పెంచారు. మడమ కోసి, లోపల దాగిన చీమునంతా తీసేశారు. రెండు పూటలు గడిచేసరికి పాదాలు వెచ్చబడ్డాయి. తర్వాత ఎప్పుడో తమ్ముడు కళ్లు తెరిచి, "అక్కా, ఆకలే" అన్నాడు. ఆమె వాడి గుండె మీద తల పెట్టి భోరుమంది.

డాక్టరు పక్కనే దిగాలుగా నిలబడ్డాడు. "మీ తమ్ముణ్ణి పరీక్షలోంచి తీసేశామమ్మా. అందరం చూసేశాం కదా. ఇక లెక్కలోకి రాడు."

అక్క కళ్లు తుడుచుకుని తలెత్తింది. వరసగా మంచాలు, ప్రతి మంచం చుట్టూ తను ఆశతో, శ్రద్ధగా, సందు లేకుండా కుట్టిన నల్లతెరలు. వాటి వెనక ఎవరి అన్నలో, ఎవరి తమ్ముళ్లో.

కత్తెర తీసుకుని పక్క మంచం దగ్గరికి నడిచింది.