జయరాజు పేరిట ముద్దలు

ఈశ్వరికి పొద్దున లేచింది మొదలు రెండే పనులు: పిల్లల వెంట పరిగెత్తడం, పట్టుకున్నాక ముద్ద పెట్టడం. ఐదేళ్ళ భరత్‌ను మంచం కిందనుంచి లాక్కొచ్చేలోపల మూడేళ్ళ నందిని మేకపిల్లల గంప కింద దూరేది. ఈలోగా రాగిసంగటి చల్లారి రాయయ్యేది. "తినండ్రా, మీ కాళ్ళు మొక్కుతా" అని ఈశ్వరి బతిమాలడం కంబదూరు బస్సులో పోయేవాళ్ళకు కూడా వినిపించేది.

దానికి తోడు పేర్ల గొడవ. ఆ ఊళ్ళో బిడ్డకు ముద్ద పెట్టేటప్పుడు తల్లయినా ఇంకెవరైనా నోట్లో నోట్లోనే ఒక పేరు అనుకుంటారు. బతికున్న మనిషి పేరైతే రుచి బిడ్డ నాలుకకు, తిండి ఆ మనిషి కడుపుకు. ఆ మనిషి చచ్చిపోయి ఉంటే ముద్దకు పోవడానికి చోటు లేక బిడ్డ కడుపులోనే ఉండిపోతుంది. అందుకని తల్లులంతా పోయినవాళ్ళ పేర్లే వాడతారు. ఏ పేరూ అనుకోకుంటే పిల్లలు అసలు నోరే తెరవరు.

అత్త మారెక్క పుణ్యమా అని ఈశ్వరికి పేర్లకు కరువు లేదు. ఆమె చుట్టాల్లో ఉన్నవాళ్ళకంటే పోయినవాళ్ళే ఎక్కువ. అయితే భరత్ గడుసువాడు. ముద్ద దిగగానే కనిపెట్టేసేవాడు.

"మళ్ళీ తాతను పెట్టినావు! కడుపు బరువుగా ఉండాది. నాకు కండక్టరు పేరు పెట్టల్ల!"

"ఆయప్ప తినే ఉంటాడు లేరా. మళ్ళీ పెడితే టికెట్లు కొట్టకుండా నిద్రపోతాడు."

ఒకసారి, ఎప్పుడో పోయాడనుకున్న తిప్పన్న పేరు మీద పది ముద్దలు పెట్టినా పిల్లలు ఆకలని ఏడుస్తూనే ఉన్నారు. "వాడు సావలేదే" అంది మారెక్క. వారం తిరక్కుండా తిప్పన్న బళ్ళారిలో దొరికాడు, కాస్త ఒళ్ళు చేసి.

ఈశ్వరి మొగుడు సురేంద్ర, పక్కింటి జయరాజు కలిసి పాత బావుల్లో పూడిక తీసే పనికి పోయేవాళ్ళు. ఆ మంగళవారం పొద్దున రామాంజనేయులు తోటలో బావి గోడలు రెండూ కూలాయి. సురేంద్ర ఉత్తరం గోడ కింద, జయరాజు దక్షిణం గోడ కింద ఉండిపోయారు.

బుధవారం మధ్యాహ్నానికి జేసీబీ నడిపే కేశవ మిషను ఆపేసి కిందికి దిగాడు.

"ఏ పక్క తవ్వినా రెండో పక్క మన్ను జారిపోతాండాది. ఒక్కరినే తియ్యగలం. ఎవరు ఉండారో, ఎవరు లేరో తెలీకుండా యాడ తవ్వేదప్పా నేను?"

ఈశ్వరికి ఎవరూ ఏమీ చెప్పలేదు. తనే ఇంటికి పోయి సంగటి గిన్నె, పిల్లలిద్దరినీ తీసుకొచ్చి బావి గట్టున కూర్చుంది. జనం చుట్టూ మూగారు. మొదట భరత్‌ను ముందు కూర్చోబెట్టుకుని, ఎన్నడూ నోటితో పలకని మొగుడి పేరు అనుకుంటూ ముద్ద తర్వాత ముద్ద పెట్టింది. పన్నెండు ముద్దలు మింగి వాడు తలెత్తాడు.

"అమ్మా, ఇంకా ఆకలైతాంది."

"నా కొడుకు తింటాండాడు" అని మారెక్క భోరున ఏడ్చింది. ఈశ్వరికి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు జయరాజు భార్య నాగజ్యోతి జనాన్ని తోసుకుని వచ్చింది. పెళ్ళయి ఏడు నెలలే.

"అక్కా, నాకు బిడ్డల్లేరు. మా ఆయప్ప పేరు మీద పాపకు పెట్టక్కా."

నందినికి మూడు ముద్దలే తిండి. నాలుగోది పెడితే ఉమ్మేస్తుంది. ఆ సంగతి ఈశ్వరికి, మారెక్కకు తప్ప గట్టు మీద ఎవరికీ తెలీదు. జయరాజు పేరున మూడు ముద్దలు మింగి నందిని పిచ్చుకపిల్లలా నోరు తెరిచింది. నాలుగోది కూడా మింగి తెరిచింది. కింద, అంత మన్ను కింద, జయరాజు కూడా తింటున్నాడు. ఇద్దరూ ఉన్నారని చెబితే కేశవ ఏ పక్క తవ్వుతాడో ఎవరికి తెలుసు?

ఐదో ముద్దకు మామ పేరు అనుకుంది. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఆరోదానికీ, ఏడోదానికీ ఆయన పేరే. మారెక్క ఏడుపు ఆపి కోడలి చేతివంక చూసి, కొంగు మొహాన కప్పుకుంది. నందిని తల తిప్పేసుకుంది.

"సాలు."

నాగజ్యోతి గట్టు మీద కూలబడింది. కాసేపటికి తనే లేచి కేశవ దగ్గరికి పోయింది. "ఉత్తరం పక్క తవ్వన్నా. ఉండే మనిషినన్నా తియ్యండి" అంది.

పొద్దు గుంకేలోపల సురేంద్రను బయటికి తీశారు. కాలు విరిగింది, మనిషి దక్కాడు. ఈశ్వరి సంతోషించింది, అబద్ధమెందుకు. మళ్ళీ ఆ గట్టున కూర్చోబెడితే మళ్ళీ అదే చేస్తానని కూడా ఆమెకు తెలుసు. తనంటే తనకు భయం వేసింది.

గురువారం తలుపేసుకుని నందినికి జయరాజు పేరున పెట్టి చూసింది. బిడ్డ ఎంత తిన్నా నోరు మూయలేదు. ఈశ్వరి బావి దగ్గరికి పరిగెత్తి "తొందరగా తవ్వన్నా" అని కేశవను బతిమాలింది.

"శవానికి తొందరేముంటుందమ్మా" అన్నాడు కేశవ. నిజం చెప్పకుండానే ఈశ్వరి ఇంటిదారి పట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం మూడో ముద్దకు నందిని "సాలు" అంది. జయరాజు శనివారం దొరికాడు.

కర్మంతరాలు అయిన మర్నాడు నాగజ్యోతి వచ్చి ఈశ్వరి ఎదురుగా కూర్చుంది. మనిషి సగమైంది.

"గిన్నె ఇట్లియ్యక్కా. మా ఆయప్ప పేరు మీద పాపకు నేను పెడతా. దీని కడుపులోనన్నా నిలుస్తాడు."

ఈశ్వరి గిన్నె ఇచ్చింది. నందిని బుద్ధిగా తింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోదానికి తల తిప్పేసుకుంది. నాగజ్యోతి ఆ ముద్దను గిన్నెలో వెనక్కి పెట్టింది.

"ఆ పొద్దు ఏడు తినింది" అంది.

లోపల మంచం మీద సురేంద్ర మంచినీళ్ళడిగాడు. ఈశ్వరి లేవలేదు. నాగజ్యోతి కేకలు పెట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. చెంగుతో పాప మూతి తుడిచి, ఎత్తుకుని లేచింది.

"రేపట్నుంచి ఈ బిడ్డకు నేనే పెడతా" అంది. ఈసారి అక్కా అని పిలవలేదు.

ఈశ్వరి తలూపింది. ఆ రోజునుంచి నందిని తల్లి చేతి ముద్దకు నోరు తెరవలేదు. మధ్యాహ్నమయ్యేసరికి తన చిన్న గిన్నె తనే పట్టుకుని పక్కింటికి పోయి, నాగజ్యోతి ఒళ్ళో కూర్చునేది.